నిద్ర పట్టని పరుపు

స్కూలు వాళ్ళు పంపిన కాగితంలో పద్నాలుగు వస్తువులు ఉన్నాయి. టార్చి, మూత గట్టిగా పట్టే నీళ్ళ సీసా, మూడు జతల మేజోళ్ళు, అలా. ఏడో దాని దగ్గర నేను ఆగిపోయాను. ‘గుడారంలో పడుకోవడానికి పరుపు, ఒకటి.’

తొమ్మిదో తరగతిలోనే చదువు ఆపేసినదాన్ని నేను. ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతాను, ఒకసారి అర్థం కావడానికి, ఇంకోసారి భయపడడానికి. దీన్ని మాత్రం నాలుగుసార్లు చదివాను. నాలుగో తరగతి పిల్లలందరినీ కొండ కింద అడవికి తీసుకెళ్తారట. రెండు రాత్రులు అక్కడే ఉంటారట. గుడారానికి ఇద్దరు పిల్లలట.

మా పిల్లకి తొమ్మిదేళ్ళు. పగలంతా నిలకడగా ఒకచోట కూర్చోదు. రాత్రి తల వాలిస్తే మాత్రం ఇల్లు కూలినా లేవదు. ఆ మొద్దు నిద్రలోనే వారానికి రెండు మూడుసార్లు పక్క తడుపుతుంది. డాక్టరుకి చూపించాం. జబ్బేమీ కాదు, నిద్ర బరువు, పెరిగేకొద్దీ అదే పోతుందన్నారు. పెరుగుతూనే ఉంది పిల్ల, పోవడం లేదు. ఈ సంగతి నాకూ, మా ఆయనకీ, మా అత్తయ్యకీ తప్ప ఎవరికీ తెలియదు. తడిసిన దుప్పట్లు నేనెప్పుడూ వీధివైపు ఆరెయ్యను. వెనకవైపు, పెద్ద తువ్వాళ్ళ మధ్యన దాచి ఆరేస్తాను.

కాగితం అడుగున నా సంతకానికి గీత గీసి ఉంది. రెండు రోజులు సంతకం పెట్టకుండా దాన్ని ఫ్రిజ్ మీద వదిలేశాను. నిజం చెప్పాలంటే, వెళ్ళనని పిల్లే అంటుందేమోనని ఎదురు చూశాను. అనలేదు. మూడో రోజు కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“పిచ్చుకా నేనూ ఒకే గుడారం అమ్మా. టీచరు రాసేసుకున్నారు కూడా.”

పిచ్చుక అంటే బడిలో దాని పక్కన కూర్చునే పిల్ల. సన్నగా ఉంటుంది, వాగుడు ఆపదు, అందుకని అందరూ అలాగే పిలుస్తారు.

“మరి రాత్రిపూట…” అన్నాను.

“నేను చూసుకుంటా.”

“ఏం చూసుకుంటావే?”

“చూసుకుంటానన్నాగా! నువ్వు టీచరుకి చెప్పావంటే నీతో మాట్లాడను. ఒట్టు వెయ్యి.”

ఒట్టేశాను. ఇంకేం చెయ్యను? మొహం అంత చిన్నది చేసుకుని అడిగితే.

నేను బండ్లకి సీటు కవర్లు కుట్టే షాపులో ఏడేళ్ళుగా పనిచేస్తున్నాను. పరుపుల సంగతి తెలియదు గానీ ఫోము సంగతి నాకు బాగా తెలుసు. అరచేత్తో నొక్కితే ప్రతి ఫోమూ మంచిదిలాగే ఉంటుందనీ, మోకాలితో అడిగితేనే నిజం చెబుతుందనీ మా మేస్త్రిగారు నేర్పించారు. మోకాలు ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి, పది లెక్కపెట్టాలి. కింద చెక్క తగిలితే ఆ ఫోము పనికిరాదు. మోకాలు తీశాక గుంట ఎంత తొందరగా పైకి లేస్తే అంత నయం. ఈ లెక్కలో నేనెప్పుడూ తప్పలేదు. అందుకే శనివారం మధ్యాహ్నం పిల్లని వెంటబెట్టుకుని గుడారాల షాపుకి వెళ్ళినప్పుడు, మిగతావాటికి ఎంత భయపడినా పరుపు విషయంలో మాత్రం నన్నెవరూ మోసం చెయ్యలేరనుకున్నాను.

షాపులో ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు జుట్టు మీదికి తోసుకుని, నడుముకి టేపు చుట్టుకుని ఉంది. మూడు రకాల పరుపులు తెచ్చి నేల మీద పక్కపక్కనే పరిచింది.

మొదటిది చాపలా చుట్టుకునే చుట్ట. గుడ్ల అట్టలాగా మీద ఎత్తుపల్లాలున్న గట్టి ఫోము. రెండోదానికి మూలన చిన్న బిరడా ఉంది. అది తిప్పితే దానంతటదే గాలి పీల్చుకుని ఉబ్బుతుంది, లోపల స్పాంజి ఉంటుంది. మూడోది ఉత్త గాలి. నోటితో ఊదుకోవాలి. మడిస్తే అరచేతిలో పడుతుంది, ఊదితే నాలుగు వేళ్ళ మందం అవుతుంది. కదిలితే మాత్రం చిప్సు పొట్లం నలిపినట్టు చప్పుడు.

నేను చెప్పులు విప్పి మొదటిదాని మీద మోకాలు ఆనించి లెక్క మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు చూసింది.

“అమ్మాయ్, కొంటున్నావా, కుస్తీ పడుతున్నావా?”

“మా పనిలో ఇలాగే చూస్తామక్కా.”

“ఏం పనో?”

“సీటు కవర్లు.”

“అదీ సంగతి! నేనింకా దాని మీద ఏదో పగ ఉందనుకున్నా.”

పిల్ల కిసుక్కున నవ్వింది. నేను పది లెక్కపెట్టి మోకాలు తీశాను. నేల తగల్లేదు, గుంట వెంటనే లేచింది. ఆవిడ అటు తిరిగినప్పుడు సీసాలోంచి రెండు చుక్కలు నీళ్ళు దాని మీద వేసి చూశాను. పూసల్లా జారిపోయాయి, లోపలికి ఒక్క చుక్క ఇంకలేదు. నా గుండె కొంచెం కుదుటపడింది. తడిసినా గుడ్డతో తుడిస్తే చాలు. రెండోది చూడనే అక్కర్లేదనుకున్నాను. స్పాంజిలోకి ఒకసారి తడి దిగిందంటే మూడు రోజులు ఎండలో వేసినా వాసన వదలదు, మా షాపులో ఆ సీట్లు రోజూ విప్పుతూనే ఉంటాం. మూడోదాని చప్పుడుకే భయం వేసింది. పిల్ల రాత్రి ఎన్నిసార్లు కదిలిందో గుడారం గుడారానికీ తెలిసిపోతుంది.

“ఏదమ్మా నీకు నచ్చింది?” అని పిల్లని అడిగాను.

అది మూడింటి మీదా పడుకుని చూసింది. మూడోదాని మీద పడుకున్నప్పుడు రెప్పలు బరువెక్కినట్టు కళ్ళు మూసి, చటుక్కున లేచి కూర్చుంది. తర్వాత చుట్ట మీదికి వెళ్ళి వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కన పెట్టుకుని, “ఇదే. ఇదే కావాలి నాకు” అంది.

చూశావా, నా మోకాలు చెప్పిందే నా కూతురి వీపూ చెప్పింది అని లోలోపల మురిసిపోయాను.

“టార్చీలు ఆ మూలన ఉన్నాయి పాపా, తలకి పెట్టుకునేవి కూడా ఉన్నాయి, వెళ్ళి చూడు” అని షాపావిడ పిల్లని అటు పంపింది. అది వెళ్ళాక నా పక్కన నేల మీద చతికిలబడి, గొంతు తగ్గించింది.

“అమ్మాయ్, నువ్వు మోకాళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంటే మీ పాప నా చెవిలో ఏం అడిగిందో తెలుసా?”

“ఏం అడిగింది?”

“ఆంటీ, వీటిల్లో నిద్ర పట్టనిది ఏది, అని.”

నేను పిల్ల వెళ్ళినవైపు తిరిగి చూశాను.

“ఇరవై రెండేళ్ళుగా పరుపులు అమ్ముతున్నా. నిద్ర పట్టేది ఏదని అడగనివాళ్ళు లేరు. పట్టనిది కావాలన్నవాళ్ళని ఇవాళే చూశా. ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. నీకు తెలియాలి కదా అని చెబుతున్నా.”

“కానీ అది మంచిదే కదక్కా. నేను చూశాను, నేల తగల్లేదు.”

“నీకు తగల్లేదు. నీ మోకాలు దాని మీద వేసింది నీ బరువు. ఆ పిల్ల ఎంతుంటుంది, ఇరవై కిలోలు?”

“ఇరవై రెండు.”

“ఇరవై రెండు కిలోలకి ఆ ఫోము ఇంతైనా దిగదు. నీకది మెత్త, దానికది చెక్కబల్ల.”

ఏడేళ్ళుగా పెద్దవాళ్ళు కూర్చునే సీట్లే చూశాను నేను. పిల్లకి పరుపు కొనడానికి వచ్చి, నా బరువుతో దాని నిద్ర తూచాను.

టార్చీల దగ్గరికి వెళ్ళాను. నిలబెట్టిన రెండు గుడారాల మధ్య సందులో పిల్ల ఒక టార్చిని తలకి బిగించుకుని చూసుకుంటోంది. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“రెండు రాత్రులూ పడుకోకుండా ఉందామనుకున్నావా?”

టార్చి వెలుగు నా కళ్ళలో పడింది. అది ఆర్పేసి తల దించుకుంది.

“పడుకుంటేనే కదా అవుతుంది” అంది.

“ఉండలేవు తల్లీ.”

“ఉండగలను. మొన్న మంగళవారం ఉన్నా. బుధవారం కూడా. నిద్ర వచ్చినప్పుడల్లా ఇక్కడ గిల్లుకుంటే పోతుంది.” చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతికి పైన లోపలివైపు చూపించింది. నాలుగైదు చోట్ల కమిలి ఉంది.

ఆ మచ్చలు నేను గురువారమే చూశాను. దోమలు కుట్టాయనుకుని మందు రాశాను. కిటికీకి తెర సరిగా వెయ్యలేదని మా ఆయన్ని కేకలేశాను కూడా. ఏ చప్పుడు విన్నా ఉలిక్కిపడి లేచే నేను, పిల్ల ముక్కు కారితే డాక్టరు దగ్గరికి పరిగెత్తే నేను, పక్క గదిలో నా కూతురు తనని తాను గిల్లుకుంటూ కూర్చుంటే హాయిగా పడుకున్నాను.

షాపావిడ దగ్గరికి తిరిగి వచ్చాను.

“ఆ గాలిది… తడిస్తే ఏమవుతుందక్కా?”

ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, కళ్ళద్దాలు జుట్టు మీంచి ముక్కు మీదికి దించుకుని పరుపుని తిప్పి చూపించింది.

“తుడిస్తే పోతుంది. లోపల ఉన్నది గాలేగా. నా దగ్గరికి వచ్చి ‘వానకి తడిసింది, ఎలా కడగాలి’ అని అడిగేవాళ్ళు బోలెడు మంది. చినుకు పడని నెలల్లో కూడా అడుగుతారు. నేనెప్పుడూ ఎక్కడ కురిసిందని అడగను.”

“మరి చప్పుడు?”

“బిగదీసి ఊదితే చప్పుడే. అందరూ చేసే తప్పు అదే, బంతిలాగా ఊదేస్తారు. పాపా, ఇలా రా.” పిల్ల ముభావంగా వచ్చింది. ఆవిడ పరుపులోంచి గాలి కొంచెం కొంచెంగా వదిలింది. “పక్కకి తిరిగి పడుకో. ఇంట్లో ఎలా పడుకుంటావో అలా.” పిల్ల కుడివైపుకి తిరిగి ముడుచుకుంది. ఆవిడ దాని తుంటి కిందికి అరచెయ్యి దూర్చింది. “నువ్వు కూడా పెట్టి చూడు అమ్మాయ్. తుంటి నేలకి ఆనకూడదు, అలాగని నడుము కింద సందూ ఉండకూడదు.” నేను చెయ్యి పెట్టాను. నేలకీ పిల్లకీ మధ్య నా చెయ్యి మందాన గాలి మిగిలి ఉంది. కదలమంటే కదిలింది. కాస్త గుసగుస, అంతే.

“ఇది వద్దు, నాకు గట్టిది కావాలి” అంది పిల్ల.

నేను గాలిదే కొన్నాను. ఇంటికి వచ్చేదాకా అది నాకు పది అడుగులు ముందు నడిచింది, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ఇంట్లో మా అత్తయ్య మంచం మీద బట్టలు మడతపెడుతోంది. పిల్ల వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల దూర్చి భోరుమంది. “అమ్మ కావాలనే మెత్తది కొంది నాన్నమ్మా. నాకు నిద్రపట్టేస్తుంది. పిచ్చుక ముందు… అందరి ముందు…”

“ఓస్, దానికా?” అంది అత్తయ్య, చేతిలో మడత ఆపకుండానే. “మీ నాన్న పదకొండేళ్ళు నిండేదాకా పోశాడే. పరుపులోంచి కారి మంచం కోళ్ళు పుచ్చిపోయాయి.”

సరిగ్గా అప్పుడే మా ఆయన పని నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాడు.

“అమ్మా!” అన్నాడు.

“ఏంట్రా అమ్మా? అబద్ధమా? పొద్దున్నే లేచి, పిల్లి పోసింది అనేవాడు. మనకి పిల్లే లేదురా అంటే, రాత్రి వచ్చి వెళ్ళింది అనేవాడు.”

నాకు నవ్వాగలేదు. పెళ్ళయి పదేళ్ళయింది, ఈ పిల్లి సంగతి నాకెవరూ చెప్పలేదు. పిల్ల ఏడుపు ఆపి, తడి మొహంతో వాళ్ళ నాన్నని ఎగాదిగా చూసింది, కొత్త మనిషిని చూసినట్టు.

“నాన్నా, నువ్వెవరికి చెప్పావు?”

ఆయన ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే గుమ్మంలో కూర్చుండిపోయాడు.

“ఎవరికీ చెప్పలేదు బుల్లెమ్మా.”

“మరి ఎవరింటికైనా వెళ్తే?”

“వెళ్ళేవాణ్ణి కాదు. మా బడిలో వాళ్ళు ఏటా ఎక్కడికో అక్కడికి తీసుకెళ్ళేవారు. నేను జ్వరం అనేవాణ్ణి. చివరికి పిలవడం మానేశారు.” చేతిలో బూటు పక్కన పెట్టి, “ఇప్పటికీ ఎక్కడైనా పడుకోవాలంటే కాళ్ళు వెనక్కి లాగుతాయి నాకు” అన్నాడు.

మా పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆఖరి బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేసే మనిషి ఆయన. మా వాళ్ళిల్లు కంటికి ఆనదు కాబోలు, గర్వం అనుకునేదాన్ని. ఎన్నిసార్లు సాధించానో ఆ మాట మీద. ఆ సాయంత్రం ఆయన కంచంలో అడగకుండానే రెండోసారి కూర వేశాను.

సోమవారం బడికి వెళ్ళేముందు జడ వేయించుకుంటూ పిల్ల అంది, “అమ్మా, ఒట్టు తీసి గట్టు మీద పెడదాం. టీచరుకి కాదు. పిచ్చుకకి చెప్తా.”

దువ్వెన నా చేతిలో ఆగిపోయింది. “పిచ్చుకకా? దాని కడుపులో మాట దాగదు కదే! ఎవరి పన్ను ఊడినా సాయంత్రానికి ఊరంతా చెబుతుంది. టీచరుకి చెబుదాం, ఆవిడ పెద్దావిడ, రాత్రి ఒకసారి లేపుతారు…”

“టీచరు పక్కన పడుకోరు. పిచ్చుక పడుకుంటుంది” అంది.

అది చెప్పింది నిజమే. అయినా భయం భయమే. బడి గేటు దగ్గర దాన్ని వదిలి, వెళ్ళిపోతున్నట్టు నటించి గోడ పక్కన నిలబడ్డాను. సిగ్గులేని పనే, ఒప్పుకుంటాను. పిల్ల పిచ్చుక చెయ్యి పట్టుకుని కుళాయి వెనక్కి లాక్కెళ్ళి, చెవిలో చాలాసేపు చెప్పింది. పిచ్చుక గొంతు మాత్రం గోడ అవతలికి కూడా వినిపించింది.

“అంతేనా? నీ మొహం చూసి, నువ్వు బడి మారిపోతున్నావేమో అనుకున్నా! మా తమ్ముడైతే నా మీదే పోస్తాడు. నేను నిద్రలో తంతాను, ముందే చెప్తున్నా. తర్వాత ఏడవకు.”

నేను షాపుకి ఆలస్యంగా వెళ్ళాను. మధ్యాహ్నం విరామంలో మిషను ముందు కూర్చుని పరుపుకి తొడుగు కుట్టడం మొదలుపెట్టాను. అడుగున వానకి నానని సీటు గుడ్డ, పలచటి రకం. పైన మెత్తటి నూలు గుడ్డ, రెండు పొరలు, తడి దిగకుండా పై పొర అడుగున కూడా అదే సీటు గుడ్డ. పై పొర తడిస్తే లాగేస్తే చాలు, కింద ఇంకో పొడి పొర ఉంటుంది. చీకట్లో చిన్న చేతులకి అందాలని జిప్పు పెట్టలేదు, నొక్కుడు గుండీలు పెట్టాను. మేస్త్రిగారు టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డారు.

“ఇది ఏ బండిదమ్మా?”

“మా ఇంటి బండిది మేస్త్రిగారూ.”

“చిన్న బండే.” గుడ్డని వేళ్ళతో నలిపి చూశారు. “ఈ గుండీలు చప్పుడు చేస్తాయమ్మా. ప్లాస్టిక్‌వి పెట్టు, పై అరలో ఉన్నాయి” అని వెళ్ళిపోయారు.

మూడు రోజులు సాయంత్రంపూట పిల్ల కళ్ళకి తువ్వాలు కట్టుకుని, గుండీలు విప్పి, పై పొర మడిచి సంచిలో పెట్టడం నేర్చుకుంది. మా అత్తయ్య గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టేది. మొదట రెండు నిమిషాలు పట్టింది, చివరికి అర నిమిషంలో చేసేసింది. గిల్లుకోనని నా చేతిలో చెయ్యి వేసి చెప్పింది. కాగితం మీద సంతకం పెట్టాను. నా పేరులో ఒక అక్షరం వంకర పోయింది.

బస్సు వెళ్ళిన ఆ రెండు రోజులూ నేను కుట్టినదంతా మేస్త్రిగారు విప్పించి మళ్ళీ కుట్టించారు.

ఆదివారం మధ్యాహ్నం బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. పిల్లలు మట్టికొట్టుకుపోయి, సంచులు ఈడ్చుకుంటూ దిగుతున్నారు. నేను వాళ్ళ మొహాల్లోకి చూశాను. ఒక్కొక్క పిల్ల దిగుతుంటే, దీనికి తెలుసా, ఇది నవ్వుతోందా, నన్ను చూసి ఆ పక్కపిల్లకి ఏదో చెప్పిందా అని వెతికాను. వాళ్ళకి నేను కనబడను కూడా లేదు. అందరూ దిగిపోయారు. మా పిల్ల లేదు. పిచ్చుకా లేదు.

టీచరు మెట్ల మీదికి వచ్చి, “ఇద్దరూ వెనక సీట్లో శవాల్లా పడున్నారమ్మా, ఎంత పిలిచినా లేవడం లేదు, మీరు రండి” అన్నారు.

పడుకోలేదన్నమాట. రెండు రాత్రులూ గిల్లుకుంటూ కూర్చుంది, నేను నమ్మి పంపాను. బస్సెక్కి వెనక్కి వెళ్ళి, పిల్ల చొక్కా చెయ్యి పైకి లాగి చూశాను. పాత మచ్చలు పసుపు రంగుకి తిరిగి మాసిపోతున్నాయి. కొత్తవి లేవు.

అది కళ్ళు తెరిచి, “ఏం వెతుకుతున్నావు?” అంది.

“పడుకోలేదా నువ్వు?”

“పడుకున్నా.” ఆవలించింది. “మొదటి రాత్రి ఏం కాలేదు. నిన్న రాత్రి అయింది. పిచ్చుక నిద్రలో తంతే మెలకువ వచ్చింది, దాన్ని లేపా. అది టార్చి పట్టుకుంది, నేను గుండీలు విప్పేశా. సంచిలో పెట్టేశాం. మళ్ళీ దుప్పట్లో దూరాం.”

“ఎవరైనా చూశారా?”

“ఎవరు చూస్తారమ్మా? అందరూ పడుకున్నారు.”

“మరి ఇంత నిద్ర మొహమేమిటే?”

“తర్వాత మాట్లాడుకున్నాం కదా, తెల్లారేదాకా.”

పక్కన పిచ్చుక కళ్ళు తెరవకుండానే ఫక్కుమంది.

“తెల్లారేదాకా ఏం మాట్లాడుకున్నారే?” అని అడిగాను.

మా పిల్ల పిచ్చుకవైపు చూసింది. పిచ్చుక ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసేసుకుంది.

“నీకు చెప్పకూడదు” అంది నా కూతురు.

తొమ్మిదేళ్ళలో అది నాతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. నాలుకదాకా వచ్చిన ప్రశ్నలన్నీ మింగేసి, దాని సంచి భుజాన వేసుకుని, బస్సు దిగి కింద నిలబడ్డాను. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, నవ్వుకుంటూ, తీరిగ్గా దిగారు.